ఉద్వాసన

ఒక రూపాయి నోటును త్రిప్పి చూచినచో వెనుకవైపున ఒక బొమ్మ కనబడును. నలిగిన నోటుపై దానిని పోల్చుట కష్టము. అది నడిసముద్రమున కాళ్ళూని నిలిచిన, చమురు బావులు త్రవ్వెడి వేదిక. దాని పేరు సాగర్ సమ్రాట్. బొంబాయికి పడమట సుమారు 160 కిలోమీటర్ల దూరమున, 1974 ఫిబ్రవరిలో, ఈ వేదిక త్రవ్విన బావిలోనే బొంబాయి హై చమురు తొలిసారి కనబడెను. అంతకు కొన్ని నెలల ముందే ప్రపంచపు సంతలో చమురు వెల నాలుగింతలైనది. దిగుమతుల పద్దు చూచి బెంగటిల్లిన దేశమునకు ఆ వార్త ఎట్లుండెనో ఊహింపవచ్చును. 1976 మే నెలలో చమురు పారుట మొదలిడెను. తరువాత కొన్ని ఏండ్లకు ఆ వేదిక బొమ్మ నోటునెక్కెను.

ప్రారంభమునకు ఇట్టి గౌరవము తగినదే. అయితే సిమెంటుతో నోరు మూయబడిన బావికి గాని, ముక్కలుగా విప్పి ఒడ్డు చేర్చిన వేదికకు గాని ఎవరును బొమ్మ వేయలేదు. చమురు తీయుట ఎట్లు అను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పిరి. తీసిన పిమ్మట ఆ సముద్రమునకు ఋణపడినవారు ఎవరు, ఎంతవరకు ఋణపడిరి, ఆ ఋణమును ఏనాడు తీర్చవలెను అను ప్రశ్నలు శాస్త్రజ్ఞుల ఇలాకాను దాటి ధర్మవిచారములోనికి వచ్చును.

పూజావిధిలో ఆవాహనము మొదటిది, ఉద్వాసనము చివరిది. దేవతను పిలిచి, ఆసనమిచ్చి, అర్చించి, నైవేద్యము పెట్టి, ఉద్వాసన చెప్పక లేచిపోయిన గృహస్థును పెద్దలు మందలింతురు. విగ్రహమును పీఠముపై కొంచెము కదల్చుటతో ముగియు ఆ చిన్న క్రియలో గొప్ప మర్యాద యున్నది. తెలుగుదేశమున ఈ మాటకు కొలువు నుండి వెడలగొట్టుట యను అర్థము స్థిరపడుట మాటకు పట్టిన దురదృష్టమే. మూలమున ఉద్వాసన తిరస్కారము కానే కాదు. పిలిచినవాడు పిలుపునకు బాధ్యుడై నిలుచుట. వినాయక చవితికి చెరువు మట్టి తెచ్చి బొమ్మ చేసిన కుమ్మరికి ఆ బొమ్మ మరల చెరువులో కలియవలసినదని తెలియును. నిమజ్జనము అతని వ్రేళ్ళలో మొదటనే యున్నది. పారిస్ ప్లాస్టరుతో పోసిన నేటి విగ్రహములు కరగక, విరిగిన చేతులతో మరునాడు ఒడ్డునకు కొట్టుకొనివచ్చుట చూచినవారికి సముద్రపు చమురు క్షేత్రముల కథ సగము తెలిసినట్లే.

ఆ క్షేత్రమును నెలకొల్పు విధము స్థూలముగా ఇట్టిది. ఉక్కు గొట్టములతో పంజరము వంటి చట్రమును ఒడ్డున కట్టి, బల్లకట్టుపై కొనిపోయి, నీటిలో నిలువుగా దింపుదురు. దాని కాళ్ళగుండ పొడవైన ఉక్కు స్తంభములను సముద్రపు అడుగున దిగగొట్టుదురు. పైన అంతస్తులుగా యంత్రములు, మనుష్యుల నివాసములు, హెలికాప్టరు దిగు తావు. అచ్చటినుండి బావులు వటవృక్షపు వేళ్ళవలె నలుదిక్కులకు ఏటవాలుగా పోవును. ప్రతి బావికి ఉక్కు తొడుగు, తొడుగునకు రాతికి నడుమ సిమెంటు. వచ్చిన చమురును, వాయువును సముద్రపు అడుగున పరచిన గొట్టములు ఒడ్డునకు చేర్చును. మొదటి ఏండ్లలో రాతిలోని ఒత్తిడియే చమురును పైకి నెట్టును. ఒత్తిడి తగ్గిన కొలది నీటినో వాయువునో లోపలికి ఎక్కించి చమురును తరుముదురు. పిదప చమురుతో నీరు వచ్చుట మొదలిడును. ఏటేట నీరు హెచ్చి చమురు తగ్గును. కడకు నీటినుండి కొంచెము చమురును వడగట్టెడి కర్మాగారముగా ఆ వేదిక మిగులును.

ధర్మసంకటము ఇచ్చటనే పుట్టుచున్నది. క్షేత్రమును మూయు దినము చమురు అయిపోయిన దినమని లోకము అనుకొనును. రాతిలో సగమునకు పైగా చమురు సాధారణముగా మిగిలియే యుండును. వచ్చెడి చమురు వెల దానిని తీయు ఖర్చునకు చాలని దినమే మూసివేత దినము. ఆ దినము మొదలు ఆదాయము సున్న. పెద్ద ఖర్చు అప్పుడే తల యెత్తును: ప్రతి బావిలోనికి మరల దిగి, పాత గొట్టములు కోసి, తగిన లోతులలో సిమెంటు బిరడాలు పోయవలెను, ఆ బిరడా పదియేండ్లకో నూరేండ్లకో కాక శాశ్వతముగా నిలువవలెను. వేదికను కడిగి, కోసి, ఎత్తి, ఒడ్డునకు తేవలెను. గొట్టములను శుభ్రపరచవలెను. రైతు తన అప్పును పంట ఇంటికి వచ్చిన నాడు తీర్చును. ఇచ్చట గడువు కడపటి గింజ తిన్న మరునాడు వచ్చును.

గడువు ఇట్లు వచ్చుటచే ఒక ప్రలోభము కలుగును. వట్టిపోయిన గొడ్డును సంతకు తోలి చేతులు దులుపుకొనుట పల్లెలలో ఎరిగినదే. ఆస్ట్రేలియాకు ఉత్తరమున తైమూరు సముద్రములో నార్తర్న్ ఎండీవర్ అను తేలెడి చమురు నౌకకు ఈ గతియే పట్టినది. ముసలిదైన క్షేత్రముతోకూడ దానిని ఒక పెద్ద సంస్థ 2016లో చిన్న సంస్థకు అప్పగించెను. 2020 నాటికి కొన్నవాడు దివాలా తీసెను. నౌకను, బావులను ప్రభుత్వము నెత్తికెత్తుకొనవలసివచ్చెను. ఆ ఖర్చు రాబట్టుటకు దేశములోని సముద్రపు చమురు ఉత్పత్తిదారులందరిపై పీపాకు 48 సెంట్ల చొప్పున పన్ను వేసిరి. పూర్వపు యజమానిని కూడ మరల పిలిచి బాధ్యుని చేయగల శాసనమును 2021లో చేసిరి. శాసనము మంచిదే, దొంగలు పడిన ఆరునెలలకు కుక్కలు మొరిగినట్లున్నది.

భూగర్భ సంపదను తీయుటను గూర్చి భారతీయ వాఙ్మయము మౌనముగా లేదు. కోశమునకు మూలము గనులని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పినది. శంఖములు, ముత్యములు, పగడములు, క్షారములు మున్నగువాని పనిని ఒక అధ్యక్షుని చేతిలో పెట్టినది. సముద్రము కూడ గనియేయని నాటికే ఎరుక కలదన్నమాట. ఖర్చు, శ్రమ అధికమైన గనిని భాగమునకో గుత్తకో ఇతరులకిచ్చి, తేలికయైన దానిని రాజు తానే నడుపుకొనవలెనని అందు కలదు. 1990ల నుండి భారత ప్రభుత్వము చమురు సంస్థలతో చేసికొన్న ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందములను చూచినవారికి ఈ నియమము ప్రాచీనమని తోచదు. ఇంత ముందుచూపు గల గ్రంథము గనిని మూయుటను గూర్చి ఏమనినది? పాడుపడిన గని ప్రస్తావన ఒకచోట వచ్చును: కిట్టము, మూసలు, బొగ్గు, బూడిద కనబడినచో అది పూర్వము త్రవ్విన గని యని గుర్తింపవలెనట. పూర్వులు వదలిన చెత్త పిమ్మటివారికి ధనపు ఆనవాలైనది. దానిని ఎత్తివేయవలసినవాడెవడు అను తలంపు అచ్చట లేదు. మనుస్మృతి మరియొక కొసకు పోయినది. గనులపై అధికారము వహించుటను, మహాయంత్రములను నడుపుటను ఉపపాతకములలో చేర్చినది. పాపమని చెప్పి ఊరకుండుట తేలిక, ఏలయన ఆ పాపపు ఫలమును అందరును తినుచునే యుందురు. లాభమునకును పాపమునకును నడుమ చేయవలసిన పని యొకటి ఇద్దరు శాస్త్రకారుల చేతను చెప్పబడక మిగిలిపోయినది.

ఆధునిక శాసనము దానిని మొదట చెప్పినప్పుడు సందేహమునకు తావులేకుండ చెప్పినది. ఖండతీరపు అంచును గూర్చి 1958లో జెనీవాలో కుదిరిన ఒప్పందము, వాడుక తీరిన ప్రతి కట్టడమును పూర్తిగా తొలగింపవలెనని విధించెను. 1982 నాటి సముద్ర న్యాయ ఒప్పందమునకు వచ్చుసరికి ‘పూర్తిగా’ అను మాట జారిపోయి, నౌకల రాకపోకలకు భద్రత కలుగునట్లు తొలగింపవలెనని మాత్రము మిగిలెను. 1989లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఆ మాటకు కొలతలు పెట్టెను: 75 మీటర్లకు తక్కువ లోతులో నిలిచి, పైభాగము కాక 4,000 టన్నులకు లోబడిన దానిని పూర్తిగా తీయవలెను, అంతకు మించినదానిని కొంత వదలవచ్చును గాని, మిగిలిన మొండెముపై 55 మీటర్ల నీరు ఉండవలెను. బొంబాయి హై వద్ద నీటి లోతు ఇంచుమించు ఆ 75 మీటర్లే యగుట గమనింపదగినది.

మాట ఇట్లు కుంచించుటకు కారణము దుర్బుద్ధియే యనరాదు. 1958లో ‘పూర్తిగా’ అని వ్రాసినవారి కన్నుల యెదుట ఉన్నవి లోతు తక్కువ నీటిలోని చిన్న వేదికలు. ఉత్తర సముద్రమున స్కాట్లండుకు ఈశాన్యముగా 1971లో బ్రెంట్ క్షేత్రము కనబడినది. 1976లో పని మొదలిడిన ఆ క్షేత్రపు నాలుగు వేదికలలో మూడింటికి కాంక్రీటు కాళ్ళు. ఒక్కొక్క దానిది సుమారు 140 మీటర్ల లోతు, లక్షల టన్నుల బరువు. వాటిని దింపుట ఎట్లో ఇంజనీరులు అద్భుతముగ ఆలోచించిరి. ఎత్తుట ఎట్లో ఆలోచింపలేదు. బ్రిటను అప్పటికే, 1964లోనే, జెనీవా ఒప్పందమును ఆమోదించియున్నది. అనగా పూర్తిగా తీసెదమని మాట యిచ్చిన దేశపు నీటిలో, తీయుట యెరుగని కట్టడములు, ఆ దేశపు అనుమతితోనే నిలిచినవి. ఇక్కడ తప్పెవరిదని వెదకినచో ఒక్క మనిషియు దొరకడు. మాట యిచ్చిన శాఖ వేరు, అనుమతి యిచ్చిన శాఖ వేరు. కాంక్రీటు పోసిన తరము వేరు, దానిని చూచి తల గోకికొనుచున్న తరము వేరు. 2017లో ఒక మహానౌక డెల్టా వేదిక పైభాగమును, 24,000 టన్నులకు మించినదానిని, ఒక్క పట్టున ఎత్తి ఇంగ్లండు తీరమునకు చేర్చెను. చివరిదైన చార్లీ పైభాగము 2024లో తీయబడెను. కాళ్ళను అచ్చటనే వదలుటకు సంస్థ అనుమతి కోరెను. 2019లో జర్మనీ మున్నగు దేశములు దానిని ఆక్షేపించెను. వదలినచో ఆ కాళ్ళు కొన్ని వందల ఏండ్లు నిలుచునని అంచనా. వాటి తలపై నౌకలను హెచ్చరించు దీపము వెలుగుచుండవలెను. వందల ఏండ్లపాటు ఆ దీపమును సరిచూచు బాధ్యత వహించుటకు అంతకాలము బ్రతికిన వాణిజ్య సంస్థలు లోకమున మిక్కిలి అరుదు.

తొలగింపును సమర్థించుటలో సముద్రపు శుద్ధిని మాత్రమే చెప్పుట చాలదు. 1997లో వెస్ట్‌హేవెన్ అను స్కాట్లండు చేపలపడవ లాగుచున్న వల ఉత్తర సముద్రపు అడుగున చమురు గొట్టమునకు తగులుకొని, పడవ మునిగి నలుగురు మరణించిరి. నీటి క్రింది ఇనుము ఎవరిది, ఏనాటిది అని చేపలవానికి కనబడదు. పని సాగుచున్నంతకాలము వేదిక చుట్టు 500 మీటర్ల వలయము అతనికి నిషిద్ధము. పని ముగిసిన తరువాత ఆ వలయము తొలగునా, లేక కనబడని రూపమున నిలిచియుండునా అనునది అతనికి బ్రతుకుచావుల ప్రశ్న.

అయితే ఎదుటిపక్షమున కూడ వినదగిన వాదము కలదు. బ్రెంట్ క్షేత్రమునకే చెందిన బ్రెంట్ స్పార్ అను తేలెడి చమురు గాదెను అట్లాంటిక్ లోతులలో ముంచుటకు 1995లో బ్రిటిష్ ప్రభుత్వము అనుమతి నిచ్చెను. గ్రీన్‌పీస్ కార్యకర్తలు దానినెక్కి కూర్చుండిరి. జర్మనీలో జనులు ఆ సంస్థ పెట్రోలు కొనుట మానిరి. జూన్ 20న షెల్ సంస్థ ఆలోచన విరమించుకొనెను. గాదెలో మిగిలిన చమురు 5,500 టన్నులని గ్రీన్‌పీస్ ప్రకటించిన లెక్క తప్పు. తప్పని తెలిసిన తరువాత, సెప్టెంబరులో, వారు క్షమాపణ చెప్పిరి. లెక్క తప్పినందున వారి మూలప్రశ్న తప్పగునా? కాదు, కాని ధర్మపక్షమున నిలిచినవారు లెక్కలో అజాగ్రత్తగా ఉన్నచో ఎదుటివారికి తప్పించుకొను దారి దొరకును. మరి నాలుగేండ్లకు ఒక వింత బయటపడెను. ఉత్తర సముద్రపు అడుగును వలలతో చాలవరకు దున్నివేయగా, శీతజలపు పగడములు ఈ చమురు కట్టడముల కాళ్ళపై పెరుగుచున్నవని, బ్రెంట్ స్పార్‌పై కూడ ఉన్నవని 1999లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అపరాధి దేహముపైనే ఆశ్రమము వెలసినట్లయినది. మెక్సికో సింధుశాఖలో 500కు పైగా పాత వేదికలు ఇట్లే చేపలకు ఆవాసములుగా, చట్టము ప్రకారము, నీటిలో వదలబడినవి.

ఈ వాదమును తోసిపుచ్చుట తగదు. తొలగించుటకు కాల్చు ఇంధనము, కలచబడు అడుగు బురద, ప్రాణములకు తెగించు పనివారు, ఇవి కూడ తక్కెడలో వేయవలసినవే. ఉన్నదానిని ఉన్నట్లు మరల చేయుట ఏ ఋణగ్రస్తునకును సాధ్యము కాదు. నలుబదియేండ్లలో సముద్రము కూడ మారిపోవును. సందేహము పగడముపై కాదు, పగడమును సాక్షిగా పిలిచినవానిపై. అచ్చటనే వదలుట వలన కోట్లు మిగులునట్టివాడు పగడమును గూర్చి మాటలాడునప్పుడు, ఆ మాట నిజమైనను, దానిని మరియొకరు కొలిచి చూడవలెను. లూసియానా, టెక్సస్ రాష్ట్రములు దీనికొక మోటు ఉపాయము కనుగొన్నవి: వేదికను వదలుటచే యజమానికి ఆదా అయిన సొమ్ములో సుమారు సగము రాష్ట్రపు సముద్రావాస నిధికి చెల్లవలెను. చేపల మీద ప్రేమ ఎంతయో సగము సొమ్ము పోయిన తరువాత తెలియును. ఉపాయము మోటుదైనను, ధర్మశాస్త్రము దానిని మెచ్చుకొనదగును.

ఒక సముద్రమును శుభ్రపరచినచో ఋణము తీరినట్లేనా అను ప్రశ్నకు సమాధానము బంగాళాఖాతపు తీరమున దొరకును. నార్త్ సీ ప్రొడ్యూసర్ అను తేలెడి ఉత్పత్తి నౌక ఉత్తర సముద్రమున మెక్‌కల్లక్ క్షేత్రమున పనిచేసినది. క్షేత్రము మూతబడగా 2016 వేసవిలో అది ఇంగ్లండు రేవు విడిచి, ఆగస్టులో చిట్టగాంగు దాపున సీతాకుండ బురదతీరమునకు చేరెను. చమురు నౌకల గొట్టములలో భూగర్భమునుండి వచ్చిన సహజమైన కిరణధార్మిక పదార్థము పెచ్చుకట్టుట కద్దు. ఉత్తర సముద్రపు నియమములు అట్టిదానిని ఎట్లు తాకవలెనో, ఎచ్చట పూడ్చవలెనో చెప్పును. సీతాకుండ తీరమున నౌకలను పోటుమీద బురదకెక్కించి, మనుష్యులు గ్యాసుకత్తులతో కోయుదురు. బంగ్లాదేశ్ హైకోర్టు 2019 నవంబరులో ఆ నౌక దిగుమతి, ఒడ్డునకెక్కించుట, విచ్ఛేదనము అన్నియు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పెను. అప్పటికి చేయవలసిన హాని చేయబడియే యుండెను.

ఇక్కడ తొందరపడి కంటనీరు పెట్టుట కూడ న్యాయము కాదు. ఇనుపగనులు లేని బంగ్లాదేశ్‌కు ఈ ఉక్కు ఇండ్లలో కడ్డీలైనది. గుజరాతులోని అలంగ్ తీరము వలెనే ఆ తీరము వేలమందికి కూడు పెట్టుచున్నది. పని వలదని వారు కోరలేదు. పనిలో చావు వలదని కోరిరి. నౌకల విచ్ఛేదనమును గూర్చి 2009లో వ్రాసిన హాంకాంగ్ ఒప్పందము 2025 జూన్‌లో గాని అమలునకు రాలేదు. ఐనను ఒక విషయము స్పష్టము. ఉత్తర సముద్రపు క్షేత్రపటమున ఆ తావు శుభ్రమైనదని గుర్తింపబడును. ఆ శుభ్రతకు వెల ఎవరి ఊపిరితిత్తులు చెల్లించెనో ఆ పటమున ఉండదు. ఇంటి ముంగిలి ఊడ్చి చెత్తను పొరుగువాని వాకిట పోసిన ఇల్లాలిని ఏ వీధియు శుభ్రమైనదని మెచ్చుకొనదు.

ఋణగ్రస్తుడెవడు అను ప్రశ్న అన్నిటికంటె చిక్కుది. చమురు సంస్థను వేలెత్తి చూపుట సులభము. బొంబాయి హై వాయువు హజీరానుండి ఉత్తరదేశమునకు పోవు గొట్టముగుండ ఎరువుల కర్మాగారములకు చేరినది. ఆ యూరియా చల్లిన పొలముల అన్నము తినినవారు, ఆ డీజిలుతో నడిచిన బస్సులెక్కినవారు కోట్లు. వారు చెల్లించిన వెలలో మూసివేత వెల ఎంత? తావును పునరుద్ధరించు నిధిని గూర్చిన ప్రభుత్వ పథకము 1999లో వచ్చెను. సంస్థలు ఏటేట కొంత సొమ్మును స్టేటు బ్యాంకులో ప్రత్యేకపు ఖాతాలో వేసినచో పన్నులో మినహాయింపు కలుగును. మంచి ఏర్పాటే. బొంబాయి హై చమురు పారుట మొదలిడిన 23 ఏండ్లకు వచ్చినది. ఆ ఏండ్లలో చౌకగా కొన్నవారిలో ఎందరో గతించిరి.

గతించినవారి అప్పును గూర్చి ధర్మశాస్త్రకారులు సూక్ష్మముగా ఆలోచించిరి. తండ్రి అప్పును కొడుకు వడ్డితో తీర్చవలెను. తాత అప్పును మనుమడు అసలు మాత్రము తీర్చవలెను. ముత్తాత అప్పు మునిమనుమని అంటదు, ఆస్తి చేతికి వచ్చిననే తప్ప. జూదమునకు, త్రాగుడునకు చేసిన అప్పు కొడుకును కూడ అంటదు. పుత్రుని ఈ ధర్మబాధ్యతను 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము రద్దుచేసినది. వ్యక్తుల విషయమున అది సరియే కావచ్చును. చమురు క్షేత్రపు విషయమున ఆ పాత విభజన పనికివచ్చును. రాబోవు తరమునకు ఆస్తి దక్కినదా? రోడ్లు, పాఠశాలలు, పండిన పొలములు దక్కినవని చెప్పవచ్చును. అయినచో అప్పులో భాగమును వారిదే. తాపము పెరిగిన గాలియు దక్కినదని వారు బదులు చెప్పవచ్చును. అయినచో పద్దు తారుమారగును. కాని సిమెంటు బిరడా మునిమనుమని వద్ద ఆగదు. మానవధర్మము మూడు తరముల వరకు లెక్కించినది. ఆ బిరడా కాపు తరములను లెక్కింపదు. లెక్క తేలని అప్పును వారసులకు వదలుటకంటె, తినుచున్న కాలముననే, తినుచున్నవాని పళ్ళెరమునుండి ఒక ముద్ద తీసి ప్రక్కన పెట్టుట తప్ప వేరు న్యాయము కనబడదు. ఆ ముద్ద ఎంతటిదో ముందుగా నిర్ణయింపవలసినవాడు తినువాడు కారాదు.

గోదావరి తీరము ఈ పాఠమును త్వరగా చూచినది. కాకినాడకు ఎదురుగా లోతైన నీటిలో 2002లో కనబడిన కృష్ణా–గోదావరి డి6 వాయుక్షేత్రము 2009 ఏప్రిల్‌లో పారెను. దేశపు ఇంధన భాగ్యము మారినదని పత్రికలు వ్రాసెను. మొదటి రెండు క్షేత్రములు ముందు వేసిన అంచనాలలో చాల కొంచెమే యిచ్చి, 2020 ఫిబ్రవరిలో ఆగిపోయెను, పదునొకండేండ్లకు లోపు. అదే సంవత్సరము డిసెంబరులో ప్రక్క క్షేత్రపు వాయువు పాత కట్టడములగుండనే పారుట మొదలిడెను గనుక ఆ కట్టడములకు ఇంకను పని యున్నది. ఒక క్షేత్రపు బ్రతుకు పెరిగిన పిల్లవాని వయస్సుకంటె తక్కువ కావచ్చునని మాత్రము ఆ తీరపు పల్లెలకు తెలిసివచ్చినది.

పూర్తిగా ముగిసిన కథ యొకటి పడమటి తీరమున కలదు. బొంబాయికి వాయవ్యమున తపతీ వాయుక్షేత్రమును గూర్చి 1994లో ప్రభుత్వము ఒప్పందము చేసికొనెను. వాయువు 2016లో ఆగెను. అందలి ఐదు బావి వేదికలను తొలగించి, బావులను మూసి, 2023 నాటికి పని ముగించిరి. భారతదేశపు సముద్రమున ఒక క్షేత్రమునకు ఉద్వాసన చెప్పుట అదియే ప్రథమము. ఆ వార్త పత్రికలలో వ్యాపారపు పుటలలో చిన్న అక్షరములలో వచ్చెను.

బొంబాయి హై ముగియలేదు. యాబదియేండ్ల నాటి ఆ క్షేత్రమునుండి మరికొంత తీయుటకు 2025లో ఒక విదేశీ సంస్థను సాంకేతిక సహాయమునకు కుదుర్చుకొనిరి. తీయగలిగినంత తీయుట దేశమునకు అవసరమే. దిగుమతి పద్దు నేటికిని చిన్నది కాలేదు. ఒక్కొక్క పొడిగింపుతో చివరి దినము మరికొంత వెనుకకు జరుగును, ఉక్కు మరికొంత తుప్పుపట్టును. రూపాయి నోటుపై నున్న సాగర్ సమ్రాట్‌కు కూడ విశ్రాంతి దొరకలేదు. త్రవ్వకపు వేదికగా దాని కాలము చెల్లగా, చమురును శుద్ధిచేసి పంపెడి వేదికగా మార్చి, 2022 డిసెంబరులో మరల అరేబియా సముద్రమున పనిలో నిలిపిరి. దాని కాళ్ళు నీటిలోనే యున్నవి.